కిడ్నీ ఉప్పు

లక్క కరుగుతున్న వాసన మెట్ల మీదికే వచ్చేసింది. శ్రీరామ్మూర్తి పరుగున పై అంతస్తుకి చేరేసరికి డయాలిసిస్ గది ముందు కానిస్టేబులు జగ్గయ్య కొవ్వొత్తి వెలిగించి పట్టుకున్నాడు. ఇనస్పెక్టర్ కొండలరావు లక్క కడ్డీని ఆ మంట మీద తిప్పుతున్నాడు. తలుపు గొళ్లేనికి అప్పటికే తెల్లగుడ్డ చుట్టి ఉంది.

"ఆపు, కొండలరావూ!"

ఇనస్పెక్టర్ తల తిప్పలేదు. "వచ్చావా డిటెక్టివ్? ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను."

ఇద్దరూ ఒకే ఏడు సబ్ ఇనస్పెక్టర్లుగా చేరినవాళ్లే. పైవాళ్లతో పడక శ్రీరామ్మూర్తి ఉద్యోగం వదిలేసి సొంతంగా బోర్డు కట్టుకున్నాడు. పడడం నేర్చుకున్న కొండలరావు ఇనస్పెక్టరయ్యాడు. అప్పట్నించీ ఒకరు వెళ్లిన చోటికి రెండోవాడు వస్తే ఇద్దరికీ గొంతు మారుతుంది.

"ఈ గదికి సీలు వేస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"సాక్ష్యం భద్రంగా ఉంటుంది."

"ఆ బెంచీ మీదున్నావిణ్ణి చూడు."

వరండా బెంచీ మీద రామలక్ష్మమ్మ టీచరు గోడకి ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బిపోయి కళ్లు గీతల్లా మిగిలాయి. పాదాలు చెప్పుల్లో పట్టక పక్కన విప్పేసింది. మాట్లాడే ఓపిక లేక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆవిడ ఒంట్లో విషాన్ని ఈ మెషీనే కడగాలి. ఇది ఆగితే ఈ వారం దాటదు. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. నువ్వు సీలు వేసేది తలుపుకి కాదు, వాళ్ల ఊపిరికి."

"డైలాగులు బాగున్నాయి. అసలు సంగతి చూద్దాం" అన్నాడు కొండలరావు. "గవర్రాజుకి ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ ఉంది. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ఈ మెషీను ఎక్కుతున్నాడు. పోయిన గురువారం సూది గుచ్చి మెషీను తిప్పారు. కాసేపటికే గుండె తడబడి ఆగినంత పనైంది. నిన్న సోమవారం మళ్లీ అదే వరస. రెండుసార్లూ మెషీన్లోకి మందు నీళ్లు కలిపింది ఆ టెక్నీషియన్ కన్నబాబు. వాడు నిర్లక్ష్యంగా కలిపాడు, ఈయన ప్రాణం మీదికొచ్చింది. వాడు కింద జీపులో బేడీలతో ఉన్నాడు. మెషీను కోర్టుకి కావాలి. నాకు ఇంతకంటే ఏం కావాలి?"

"సూది గుచ్చగానే, మెషీనుకి కలపకముందే కొంచెం నెత్తురు తీసి పరీక్షకి పంపుతారు. ఆ నెత్తుటిలోనే పొటాషియం గుండెని ఆపేటంత ఉందని డాక్టర్ పద్మావతి చెప్పింది. అంటే విషం మెషీన్లోంచి ఒంట్లోకి పోలేదు. ఒంట్లో ఉన్నదాన్ని లాగేసి ఆయన్ని బతికించింది మెషీనే."

"ల్యాబూ ఆవిడదే, మెషీనూ ఆవిడదే, మాటా ఆవిడదే."

"ఈ పూట వరకూ గడువివ్వు. ఎవరు పెట్టారో నీ ముందు నిలబెడతాను."

కొండలరావు గడియారం చూసుకున్నాడు. కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదేశాడు. "భోంచేసొస్తాను. నేనొచ్చేదాకా సీలు వెయ్యను. ఆ తర్వాత మాత్రం నీ మాట వినను."

"మాటంటే మాటే కదా?"

"నా మాట నీకు తెలీదా?" అని నవ్వాడు కొండలరావు.

శ్రీరామ్మూర్తి మెట్లు దిగాడు. నిన్న మధ్యాహ్నం గవర్రాజు తమ్ముడు దొరబాబు తన ఆఫీసుకొచ్చిన తీరు ఇంకా కళ్లముందే ఉంది. పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టిన సబ్బవరం రైతు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రెండు చేతులూ పట్టుకుని, "మా అన్నయ్యని ఎవులో సంపుతన్నారు సార్. పోలీసోలు మిషనంటన్నారు. మిషను కాదు సార్. ఎవులో కనుక్కోండి. అన్నయ్యకి కాపలా ఎట్టండి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వచ్చే నెలలో వేలూరులో ఆపరేషన్. దొరబాబు తన కిడ్నీ ఒకటి అన్నకి ఇస్తున్నాడు. పరీక్షలన్నీ అయ్యాయి, అతికినట్టు సరిపోయింది. తోడబుట్టినవాళ్లు గట్టు తగాదాలకి కత్తులు దూసుకోవడం చూసి చూసి విసిగిపోయిన శ్రీరామ్మూర్తికి ఆ పల్లెటూరి మనిషిని చూస్తే కడుపు నిండినట్టయింది. రాత్రి అన్నం తింటూ భార్యతో కూడా చెప్పాడు, ఈ కాలంలో ఇలాంటి తమ్ముడున్నాడంటే నమ్ముతావా అని.

నర్సింగ్ హోమ్ వెనక రేకుల షెడ్డు ఉంది. రోగుల తాలూకు మనుషులు అక్కడే కిరసనాయిలు స్టవ్వులు పెట్టుకుని వండుకుంటారు. మూలనున్న స్టవ్వు దగ్గర గవర్రాజు తల్లి ఆదిలక్ష్మమ్మ గంజి కాస్తోంది. కోడలు పోయిన దగ్గర్నించీ కొడుక్కి వండిపెట్టేది ఆవిడే. రెండుసార్లూ గవర్రాజు పొద్దున్నే తాగింది గంజే. మెషీను కాకపోతే గంజి. అందుకే శ్రీరామ్మూర్తి ఇక్కడికి వచ్చాడు.

"ఏటి బావూ, నువ్వు పోలీసోడివా?"

"కాదమ్మా. మీ దొరబాబు పంపించాడు."

ముసలమ్మ మొహం విచ్చుకుంది. "మా సిన్నోడా! ఆడు బంగారం బావూ. అన్నకోసం కడుపు కోయించుకుంటాడట. మా ఊళ్లో ఆడు నడిసెల్తంటే జనం లేసి దండాలెడతన్నారు. మొన్న గుడికాడ పెద్దలు దండేసి, లచ్చుమన్న మల్లీ పుట్టినాడన్నారు."

శ్రీరామ్మూర్తి పీట లాక్కుని కూర్చున్నాడు. బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. నూనె సీసా వాసన చూశాడు. పొట్లాలు ఒక్కొక్కటీ విప్పి మళ్లీ కట్టాడు. పప్పు, జీలకర్ర, మెంతులు. ఎక్కడా ఉప్పు లేదు. కుండలోంచి గరిటెతో కాస్త గంజి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. గోడకి కొట్టే సున్నంలా చప్పగా ఉంది.

"రోజూ ఇదేనా అమ్మా?"

"ఇదే బావూ. ఉప్పు ఇసమంది డాక్టరమ్మ. కొబ్బరినీల్లు ఒద్దంది, అరటిపండొద్దంది. సేపల మద్దిన యాపారం సేసినోడు, సేప ముక్క ముట్టి ఎన్నాల్లయినాదో! ఈ గంజి కుక్కయినా ముడతాదా? నాను ఎడతాను, ఆడు మొకం తిప్పీసుకుంటాడు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఒక్క లచ్చివారం నాడే నా తండ్రి నోటికి హితవుగా తాగినాడు. గిన్ని నాకీసినాడు."

శ్రీరామ్మూర్తి చేతిలో గరిటె ఆగిపోయింది. లచ్చివారం అంటే గురువారం. మొదటిసారి గుండె తడబడిన రోజు.

"ఆ రోజు గంజిలో ఏం కలిపావమ్మా?"

"ఏటి కలుపుతాను? ఏటీ నేదు." కానీ ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే నడుం దగ్గరికి పోయింది. అక్కడ చీర మడతలో చిన్న వక్కపొడి డబ్బా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"ఒక్క పలుకు వక్కపొడి ఇప్పించమ్మా. నోరు చప్పబడింది."

"అయిపోనాది."

"ఖాళీ డబ్బాయే ఇవ్వు."

ముసలమ్మ చాలాసేపు గంజి కలుపుతూ ఉండిపోయింది. తర్వాత డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "డాక్టరమ్మకి సెప్పకు బావూ, తిడతాది. అది మామూలుప్పు కాదు. కిడ్నీ ఉప్పు. కిడ్నీలు పోయినోల్లు తినీదే. పెద్దాసుపత్రిలో ఇత్తారట. పొట్లం ఈ డబ్బాలోనే దాసినాను."

డబ్బాలో ఏమీ లేదు. మూత అంచున మాత్రం తెల్లటి పలుకులు నాలుగైదు అంటుకుని ఉన్నాయి. శ్రీరామ్మూర్తి ఒకదాన్ని నాలిక చివర పెట్టుకున్నాడు. ముందు ఉప్పగానే తగిలింది, వెంటనే కాకరకాయ కొరికినట్టు చేదు. ఉమ్మేశాడు.

"ఎవరిచ్చారు?"

"ఎవులయితే నీకేటి? ఆడి మంచికే ఇచ్చినారు."

"నిన్న కూడా కలిపావా?"

"నా బిడ్డలమీద ఒట్టు బావూ! ఒక్కనాడే. తరవాత ముట్టనేదు."

"మిగిలింది ఏమైంది?"

"పారబోసినాను." ఆ మాట మాత్రం ఆవిడ అతని మొహం చూసి చెప్పలేదు. నేలవైపు చూస్తూ చెప్పింది.

శ్రీరామ్మూర్తి డబ్బా రుమాల్లో చుట్టుకుని ల్యాబుకి వెళ్లాడు. డాక్టర్ పద్మావతి ఒక్కతే ఉంది. గోదావరి జిల్లాలో పుట్టి, వేలూరులో కిడ్నీ వైద్యం నేర్చుకుని, ఆ మెషీను కోసం తిరగని చోటు లేకుండా తిరిగిన మనిషి. రెండు రోజులుగా నిద్ర లేక కళ్లకింద నల్లబడింది. విషయం వినగానే స్పిరిట్ దీపం వెలిగించింది. సన్నటి తీగ చివర ఒక పలుకు అద్ది మంటలో పెట్టింది.

"మామూలు ఉప్పయితే పసుప్పచ్చగా మండుతుంది, చూస్తూ ఉండండి" అంది.

మంట అంచు లేత ఊదారంగుకి తిరిగింది.

డాక్టర్ తీగని బల్ల మీద పెట్టేసింది. "పొటాషియం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైతే ఎక్కువైంది మూత్రంలో పోతుంది. గవర్రాజుగారికి ఆ దారి మూసుకుపోయింది. తిన్నదంతా నెత్తుట్లో నిలిచిపోయి గుండెని పట్టేస్తుంది. అదృష్టం కొద్దీ రెండుసార్లూ నా కళ్లముందే పడ్డారు కాబట్టి కాల్షియం ఎక్కించి, మెషీన్‌తో లాగెయ్యగలిగాను. ఇంటి దగ్గర పడుంటే గుండెపోటని దహనం చేసేసేవాళ్లు."

"ఇది మందుల షాపుల్లో దొరుకుతుందా?"

"దొరుకుతుంది కానీ ఇంత మొరటుగా ఉండదు. మందు మెత్తటి పొడిగా ఉంటుంది. ఇవి పలుకులు, ఇదిగో మట్టి కూడా ఉంది." ఉన్నట్టుండి ఆవిడ మాట ఆగింది. తీగ చివరకేసి అలాగే చూసింది. "శ్రీరామ్మూర్తిగారూ, ఇది ఎరువు."

"ఎరువా?"

"పొలాల్లో వేసే పొటాష్. మొదట్లో ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి ఏం తినకూడదో చెప్పాను. పొటాషియం అంటే ప్రాణం పోతుందని భయపెట్టాను కూడా. అప్పుడు వాళ్లలో ఒకరడిగారు, 'మా సేలో ఏసే పొటాషేనా డాక్టరుగారూ' అని. చదువుకోకపోయినా ఎంత తెలివిగా పట్టుకున్నాడని మెచ్చుకున్నాను."

"ఎవరు?" అన్నాడు శ్రీరామ్మూర్తి. అడిగాడే గాని వినాలని లేదు.

"దొరబాబు."

 నిన్న తన చేతుల మీద పడ్డ కన్నీళ్ల తడి ఇంకా ఆరనట్టనిపించి శ్రీరామ్మూర్తి అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. దొంగలూ హంతకులూ అబద్ధాలాడితే అతనికి కోపం రాదు. అది వాళ్ల వృత్తి. కానీ ఒక మంచి మనిషిని చూశానన్న సంతోషంతో నిద్రపోయినవాడికి తెల్లారేసరికి ఇదేమిటి? ఇంతకీ దొరబాబు తన దగ్గరికి ఎందుకొచ్చినట్టు? అనుమానం మళ్లించడానికా? నన్ను అడ్డం పెట్టుకోవడానికా?

దొరబాబు వరండాలోనే ఉన్నాడు. శ్రీరామ్మూర్తి ఏమీ అనకుండా భుజమ్మీద చెయ్యేసి ల్యాబులోకి తీసుకొచ్చి, బల్లమీద వక్కపొడి డబ్బా పెట్టాడు.

"అమ్మదిది" అన్నాడు దొరబాబు. ఆ తర్వాత మంటా, తీగా, ఇద్దరి మొహాలూ చూశాడు. 

"కిడ్నీ ఉప్పని ఎవరు చెప్పారు మీ అమ్మకి?"

దొరబాబు డబ్బా మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

"లోకం తెలియని మనిషి. తల్లి చేత్తోనే పెట్టించావు. డాక్టరుగారికి చెప్పొద్దని కూడా నేర్పావు. నిన్న నా ఆఫీసులో ఏడ్చిన ఏడుపు ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"అది నిజం ఏడుపే సార్!"

"చెప్పు మరి."

దొరబాబు గోడకి జారబడ్డాడు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "వేలూరులో పరీచ్చలకెల్లినపుడు సూసినాను సార్. అన్నకి కిడ్నీ ఇచ్చినోడు పక్క వార్డులో ఉన్నాడు. ఎన్నుకాడ నుంచి బొడ్డుదాకా కోసి కుట్టినారు. దగ్గినపుడు ఆడెట్టిన కేక ఇప్పటికీ నా సెవిలో ఉంది. ఆ రేత్రి నుంచి కన్ను మూతపడనేదు. నా పిల్లలు సిన్నోల్లు. ఒద్దని సెప్పీద్దారనుకున్నాను. అనీలోగా ఊల్లో దండలేసీసినారు. అమ్మ నా కాల్లకి దండమెట్టినాది సార్, కన్నతల్లి! మాట నోటికాడి కొచ్చీది, ఆగిపోయీది. అన్నయ్యే పోతే... ఎవులూ నన్ను అడగరు గదా అనుకున్నాను."

డాక్టర్ పద్మావతి కుర్చీలోంచి లేచింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే వినడానికి కష్టంగా ఉంది.

"దొరబాబూ, ఇచ్చేవాళ్లని మేం ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతాం. నిన్నూ అడిగాను, గుర్తుందా? మనస్ఫూర్తిగా ఇస్తున్నావా అని. ఎందుకడుగుతామో తెలుసా? భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. అది తప్పు కాదు. అలాంటివాళ్లు నాతో ఒక్కమాట అంటే చాలు. నీ కిడ్నీ సరిపడలేదని చెప్పి పంపించేస్తాను. మీ అన్నకి తెలీదు, ఊరికి తెలీదు. నీ దండ నీ మెళ్లోనే ఉండేది."

దొరబాబు ఆవిడకేసి అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక రెండు చేతులతో మొహం కప్పుకుని నేలమీద కూలబడ్డాడు.

"శభాష్!" గుమ్మంలో చప్పట్లు వినిపించాయి. కొండలరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించీ వింటున్నాడో. "నా పని నువ్వే చేసిపెట్టావు శ్రీరామ్మూర్తీ. రెండుసార్లు హత్యాప్రయత్నం. లేరా!"

"ఒక్కసారే!" దొరబాబు గట్టిగా అరిచాడు. "లచ్చివారం ఒక్కనాడే! అన్నయ్య గిలగిల్లాడతంటే సూసి నా పేనం పోయినాది. మర్నాడే ఎల్లి ఆ పొట్లం ఇచ్చీమన్నాను అమ్మని. పారబోసినానంది. దేవుడికి దండమెట్టుకున్నాను. మల్లీ సోమారం ఎలగ పడిపోయినాడో నాకు తెల్దు సార్! ఇంకెవులో ఉన్నారు. అందుకే మీకాడికొచ్చినాను. నాను సేసింది సెప్పుకోనేక, అన్నయ్యని కాపాడుకోనేక!"

"కథలు స్టేషన్లో చెబుదువుగాని" అంటూ కొండలరావు అతని మెడమీద చెయ్యి వేశాడు.

శ్రీరామ్మూర్తి కదల్లేదు. అతని చెవిలో ముసలమ్మ మాట తిరుగుతోంది. నిన్న కలపలేదని బిడ్డల మీద ఒట్టు పెట్టినప్పుడు సూటిగా కళ్లలోకి చూసింది. అది నిజం. పారబోశానన్నప్పుడు నేల చూసింది. అది అబద్ధం. అంటే పొట్లం ఎక్కడో ఉంది. ఆ తల్లి ఎవరికోసం అబద్ధం ఆడుతుంది? చిన్నకొడుకు అడిగితే కూడా పారబోశానని చెప్పింది. కాబట్టి చిన్నకొడుకు కోసం కాదు.

"డాక్టరుగారూ, గవర్రాజు గది!" అంటూ పరుగెత్తాడు.

గవర్రాజు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఐసు దిమ్మలు ఒంటిచేత్తో లాగిన మనిషట. ఇప్పుడు మెడ ఎముకలు బయటికొచ్చి, ఎడమచేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా లేచి ఉంది. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు. తలుపు తోసుకొచ్చిన శ్రీరామ్మూర్తిని చూసి నీరసంగా నవ్వాడు.

"రండి బావూ. మా తమ్ముడు ఎట్టిన డిటెక్టివు మీరేనా?"

"మీ అమ్మ దగ్గర పొట్లం తీసుకున్నది మీరే. అవునా?"

గవర్రాజు కాదనలేదు. "లచ్చివారం గంజి నోట్లో ఎట్టగానే ఉప్పు తగిలి నాలిక మురిసిపోనాది. అడుగున సేదు. ఎక్కడో తిన్న రుసే. ఎక్కడో గుర్తు రానేదు. ఆ రేత్రి పడుకుంటే గుర్తొచ్చినాది. సిన్నప్పుడు సేలో మా నాన్న ఎరువు సల్లతంటే, నానూ దొరబాబూ ఉప్పనుకుని నాకినాం. ఇద్దరికీ ఈపు ఇమానం మోత మోగించినాడు." ఊపిరి తీసుకున్నాడు. "అమ్మనడిగితే పొట్లం తెచ్చి సూపించినాది. ఎవులిచ్చినారంటే సెప్పినాది. పాపం, ఎంత సంబరంగా సెప్పిందో బావూ! తమ్ముడు నీకోసం ఊరంతా ఎతికి తెచ్చినాడని. పొట్లం నాకాడే ఉంచుకుని, ఎవులడిగినా పారబోసినానని సెప్పమన్నాను."

"పోలీసులకి చెప్పలేదేం?"

"ఏటని సెప్పను? నాను ఎత్తుకు పెంచిన గుంటడు నన్ను సంపుతన్నాడనా?" గవర్రాజు కళ్లు ఆరిపోయినట్టున్నాయి. "ఒద్దన్నయ్యా అంటే ఊరుకుందును గదా. ఒక్కమాట! నన్నంత సెడ్డోడినని ఎలగనుకున్నాడు? అదే ఇక్కడ కోసీసినాది బావూ. ఇంక ఈ సూదులెందుకు, ఈ గంజెందుకు? ఆడు కోరింది ఆడికిచ్చీద్దారనుకున్నాను. సోమారం అందుకే..."

 రెండోసారి ఆ ఉప్పు తిన్నది ఎవరూ పెట్టగా కాదు. "మిగిలిన పొట్లం ఎక్కడ?"

గవర్రాజు దిండుకి ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. శ్రీరామ్మూర్తి దిండు లాగాడు. దాని కింద నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. విప్పితే ఖాళీ. స్టూలు మీద గ్లాసు అందుకున్నాడు. అడుగున చుక్కనీరు, ఆ నీటిలో కరగని తెల్లటి పలుకులు.

"ఎప్పుడు తాగావు? గవర్రాజూ! ఎప్పుడు?"

"మీ అరుపులు ఇనపడగానే. ఈసారి డాక్టరమ్మని కష్టపెట్టకండి."

డాక్టర్ పద్మావతి అప్పటికే గదిలోకి వచ్చేసింది. కాగితం చూసింది, గ్లాసు చూసింది. ప్రశ్నలేమీ వేయలేదు. "నాగమణీ! కడుపు కడిగే గొట్టం! కాల్షియం రెండు! ఈసీజీ తగిలించు!" అని నర్సుకి కేక పెట్టి, శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. "మెషీను సిద్ధం చేయించండి. కన్నబాబు కావాలి. నాకింక ఎంతో టైము లేదు."

శ్రీరామ్మూర్తి గుమ్మం దగ్గరే కొండలరావుని ఢీకొన్నాడు.

"కన్నబాబు బేడీలు తియ్యి! మెషీను తిప్పాలి!"

కొండలరావు మెట్లకేసి చూశాడు. "సీలు..." అన్నాడు.

"వెయ్యనని మాటిచ్చావు!"

"నువ్వు కింది మెట్టు మీద ఉండగానే వేసేశాను."

శ్రీరామ్మూర్తి అతని కాలరు పట్టుకోబోయి చెయ్యి దించేశాడు. "అయితే నీ చేత్తోనే తియ్యి. గవర్రాజు చచ్చిపోతే మూడో ప్రయత్నం ఎవరిదని రాస్తావో అదీ ఆలోచించుకో."

లోపల గవర్రాజు గొంతులో గొట్టం దించుతున్న చప్పుడు వినిపించింది. కొండలరావు ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత టోపీ తీసి జగ్గయ్య చేతికిచ్చి మెట్లమీద పరుగెత్తాడు. లక్కముద్దని లాఠీతో కొట్టి పగలగొట్టి, గుడ్డ చింపి తలుపు తీసింది ఆయనే. బేడీల గుర్తులింకా మణికట్ల మీద ఉండగానే కన్నబాబు మందు నీళ్లు కలిపాడు. తన వంతు వదులుకోమని ఎవరూ అడగకపోయినా రామలక్ష్మమ్మ టీచరు బెంచీ మీంచి చెయ్యూపింది, ముందు ఆయన్ని ఎక్కించండి అన్నట్టు.

స్ట్రెచరు మీద తెచ్చేసరికే గవర్రాజు కళ్లు తేలేశాడు. ఈసీజీ కాగితం మీద గీత వెడల్పుగా, సోమరిగా, గుండె పనికి విసిగిపోయినట్టు నడుస్తోంది. డాక్టర్ నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తోంది. ఒక సూది పడింది. రెండోది పడింది. గొట్టాల్లోకి నెత్తురు ఎర్రగా పాకి, మెషీను చుట్టూ తిరిగి మళ్లీ చేతిలోకి వచ్చింది. గదిలో ఆ మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపటికి గీత సన్నబడింది. ఇంకాసేపటికి డాక్టర్ నుదురు తుడుచుకుని, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఉన్నాడు" అంది.

శ్రీరామ్మూర్తి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో జగ్గయ్య పక్కన దొరబాబు నిలబడి ఉన్నాడు. బేడీలు ఇప్పుడు అతని చేతులకున్నాయి. జగ్గయ్య ఆపేలోగా లోపలికొచ్చి మంచం కోడు దగ్గర మోకాళ్లమీద పడ్డాడు.

"అన్నయ్యా, నాను ఇత్తాను. దేవుడి తోడు. బేడీల్తోనే వేలూరు తీసుకెల్లమను. నా కడుపు కోసి తీసుకోమను. నువ్వు బతకాల."

గవర్రాజు కళ్లు తెరిచాడు. తమ్ముణ్ణి చాలాసేపు చూశాడు. కుడిచెయ్యి కొంచెం లేచింది. తల నిమరడానికే అనుకున్నారంతా. ఆ చెయ్యి సగం దూరం వచ్చి దుప్పటి మీద వాలిపోయింది.

"ఒద్దురా" అన్నాడు. "నీది నా ఒంట్లో ఎట్టుకుని నాను నిద్దరెలగ పోతాన్రా?"

మొహం గోడవైపు తిప్పుకున్నాడు.